ఆరు నెలలు దాటిన చలానా ఇంకా బాకీయేనా?

బెంజి సర్కిల్ దగ్గర ఆటోను ఆపి నంబరు కొడితే నాలుగేళ్ల కిందటి చలాన్లు కూడా తెర మీదికొస్తాయి. కట్టి కదలమంటారు. గుడివాడ, పామర్రు వైపు పొలాలకు కూలీలను చేరవేసే ఆటోవాళ్లకు ఇది మామూలే. ఆ బాకీ చట్టప్రకారం ఇంకా చెల్లుతుందా అని వాదించే తీరిక వాళ్లకుండదు. ఆగిన గంట ఆగినట్టే, ఆ మేరకు కూలి పోయినట్టే.

అయినా అడగాల్సిందే. ఈ-చలానా కోర్టు తీర్పు కాదు. మోటారు వాహనాల చట్టం 200వ సెక్షన్ కింద ‘ఇంత కడితే కేసు కోర్టుదాకా పోదు’ అని ఇచ్చే అవకాశం మాత్రమే. కట్టకపోతే పోలీసులు కోర్టులో కేసు వేయాలి. దానికి గడువుంది. జరిమానా ఒక్కటే శిక్షగా ఉన్న నేరాన్ని ఆరు నెలలు దాటాక కోర్టు విచారణకు తీసుకోకూడదని సీఆర్‌పీసీ 468 చెప్పేది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న బీఎన్‌ఎస్‌ఎస్ 514 కూడా అదే చెబుతోంది. హెల్మెట్ పెట్టుకోకపోవడం, ఆటోలో పరిమితికి మించి ఎక్కించుకోవడం ఈ కోవలోవే. తాగి నడపడం, లైసెన్సు, ఇన్సూరెన్సు లేకపోవడం లాంటివాటికి జైలు కూడా ఉంది కాబట్టి గడువు ఏడాది.

మెలికలు లేకపోలేదు. కేసు గడువులోగా దాఖలైతే చాలు, కోర్టు ఎప్పుడు చేపట్టినా చెల్లుతుందని 2013లో సారా మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. తగిన కారణం ఉంటే 519వ సెక్షన్ కింద ఆలస్యాన్ని మన్నించవచ్చు కూడా. కానీ అసలు కేసే వేయకుండా ఏళ్ల తరబడి తెర మీద బాకీ చూపించడం వేరు. బండిని ఎప్పుడు పట్టి ఉంచవచ్చో 207వ సెక్షన్ చెబుతుంది: లైసెన్సు, రిజిస్ట్రేషన్, పర్మిట్ ఉల్లంఘనలు. పాత చలానా బాకీ అందులో లేదు.

హెల్మెట్ వద్దని ఎవరూ అనడం లేదు. 2024లో హైకోర్టు ముందుకొచ్చిన లెక్క ప్రకారం కొద్ది నెలల్లోనే 667 మంది హెల్మెట్ లేక చనిపోయారు. ఆ డిసెంబరు విచారణలోనే చలాన్లు కట్టనివాళ్ల ఇళ్లకు కరెంటు, నీళ్లు ఆపాలన్న మాట ధర్మాసనం నోట వచ్చినట్టు పత్రికలు రాశాయి. నీళ్లు ఆపడమంటే ఏమిటో మన వాడలకు ఒకరు చెప్పాలా? 1985లో కారంచేడు గొడవ మొదలైంది మంచినీళ్ల చెరువు దగ్గరే.

తెలంగాణ 2022లో, 2023 చివర్లో భారీ రాయితీలిచ్చి పాత చలాన్లు వసూలు చేసుకుంది. రాయితీ దయ. దాన్ని అందుకున్నవాళ్లలో ఎందరి చలాన్లకు అప్పటికే గడువు తీరిందో లెక్క చూడలేదు. ఉత్తరప్రదేశ్ వేరే దారి పట్టింది. 2017-2021 మధ్య చలాన్లలో మిగిలిన 12 లక్షలకు పైగా వాటిని, పన్ను బాకీలు, తీవ్ర నేరాలు మినహాయించి, మూసేస్తున్నట్టు 2025 సెప్టెంబరులో ప్రకటించింది. మన ప్రభుత్వం 2025 అక్టోబరులో విజయవాడలోనే ఆటో డ్రైవర్లకు 15 వేల సాయం మొదలుపెట్టింది. ఆ డబ్బులో ఎంత పాత చలాన్లకు తిరిగి పోతుందో ఆటో స్టాండులో అడిగితే చెబుతారు.

కృష్ణలంకలోనో రాణిగారితోటలోనో పనిచేస్తున్న విద్యార్థి సంఘాలు విజయవాడ కమిషనరేట్‌కు ఒక సమాచార హక్కు దరఖాస్తు పెట్టవచ్చు. అడగాల్సినవి రెండే. ఆరు నెలలు దాటిన చలాన్లలో ఎన్నింటిపై గడువులోగా కోర్టులో కేసు వేశారు? వేయని వాటిపై ఇప్పటిదాకా ఎంత వసూలు చేశారు?