రెండో కటకం కొనే ముందు



మొన్న ప్రయోగశాలలో పదో తరగతి పిల్లవాడొకడు నన్నడిగాడు: "మాస్టారూ! మా మామయ్య తన పాత కెమెరా నాకిచ్చాడు. దానికి ఇంకో లెన్సు కొనాలని డబ్బులు కూడబెడుతున్నాను. పేద్ద జూమ్ లెన్సు కొననా?"

"ఇప్పుడే వద్దురా" అన్నాను. వాడి ముఖం చిన్నబోయింది. మీలో కొందరికీ ఇదే కోరిక ఉండవచ్చు. అందుకే నా అభిప్రాయాన్ని కారణాలతో సహా మీ ముందుంచుతున్నాను. ఎందుకంటే ఆ పొరపాటు నేను ముందే చేసి ఉన్నాను.

2011లో నేనొక డిజిటల్ కెమెరా కొన్నాను. దానితో 18–55 మి.మీ. కటకం వచ్చింది. దూరపు వస్తువులు దగ్గరగా కనబడాలన్న ఆశతో, మరో ఏడాది దాచిన డబ్బంతా పోసి 300 మి.మీ. దాకా సాగే దూరకటకం కొన్నాను. రెండుసార్లు నేలపట్టు వెళ్ళి గూడబాతులను ఫొటోలు తీశాను. ఆ తరువాత అది బీరువాలో పడి ఉండి, రెండు వానాకాలాలు గడిచేసరికి లోపల బూజు పట్టింది.

ఆ రోజుల్లోనే మా అమ్మ పొద్దుగూకాక పొయ్యి ముందు కూర్చుని వంట చేస్తుంటే ఎన్నోసార్లు ఫొటో తీయబోయాను. వంటింట్లో ఉన్నది ఒకటే బల్బు. తీసిన ప్రతిసారీ అమ్మ ముఖం అలికినట్లు వచ్చేది. సెన్సరు సున్నితత్వం పెంచితే బొమ్మంతా ఇసుక చల్లినట్లయ్యేది. 2014లో అమ్మ పోయింది. నా దగ్గర గూడబాతుల ఫొటోలు నలభై ఉన్నాయి. పొయ్యి ముందు అమ్మది తేటగా ఉన్నది ఒక్కటీ లేదు.

లోపం ఎక్కడుంది?

కటకం మీద రెండు సంఖ్యలు ఉంటాయి. ఒకటి నాభ్యంతరం. ఇది మీరు పాఠంలో చదివినదే. రెండోది ఎఫ్ సంఖ్య. నాభ్యంతరాన్ని కటక ద్వారపు వ్యాసంతో భాగిస్తే ఇది వస్తుంది. నాభ్యంతరం 50 మి.మీ., ద్వారం 25 మి.మీ. అయితే ఎఫ్/2 అన్నమాట. ఈ సంఖ్య ఎంత చిన్నదైతే సెన్సరు మీద అంత ఎక్కువ వెలుతురు పడుతుంది.

నా కటకం 55 మి.మీ. దగ్గర ఎఫ్/5.6. మామూలు 50 మి.మీ. స్థిర కటకం ఎఫ్/1.8. 5.6ను 1.8తో భాగించి వర్గం చేయండి. తొమ్మిదికి పైగా వస్తుంది. అన్ని రెట్లు ఎక్కువ వెలుతురు! నాకు సెకనులో పదో వంతు పట్టిన ఫొటోకు దానితో సుమారు నూరో వంతు చాలును. పదో వంతు సెకనులో గరిటె తిప్పే చెయ్యి కదిలిపోతుంది, కెమెరా పట్టుకున్న నా చెయ్యీ వణుకుతుంది. ఆ స్థిర కటకం ధర నా దూరకటకం ధరలో సగమైనా లేదు!

"మరి దూరపు వస్తువుల సంగతేమిటి?" అంటారా? లెక్క వేద్దాం. 20 సెం.మీ. పిట్ట 20 మీటర్ల దూరంలో ఉంది. 50 మి.మీ. కటకం దాని ప్రతిబింబాన్ని అర మిల్లీమీటరుగా చూపుతుంది. 200 మి.మీ. కటకం 2 మిల్లీమీటర్లుగా చూపుతుంది. కాని నెమ్మదిగా నడిచి 5 మీటర్ల దగ్గరకు చేరగలిగితే 50 మి.మీ. కటకంతోనే ఆ 2 మిల్లీమీటర్లు వస్తాయి. పిట్టను బెదరగొట్టకుండా దగ్గరకు వెళ్ళడం నేర్చుకుంటే దాని అలవాట్లు కూడా తెలుస్తాయి. అది డబ్బు పెట్టి కొనలేని చదువు.

ఫ్రాన్సు దేశపు హెన్రీ కార్టియే-బ్రెసాన్ (1908–2004) జగత్ప్రసిద్ధుడైన ఫొటోగ్రాఫరు. ఆయన తన జీవితంలో చాలా భాగం 50 మి.మీ. కటకంతోనే పనిచేశాడు. 1948లో ఢిల్లీలో గాంధీజీ చివరి రోజులను చిత్రించినదీ ఆయనే.

అలాగని అందరూ 50 మి.మీ. కటకమే కొనాలని నేననను. ముందుగా ఒక చిన్న పరిశోధన చేయండి. డిజిటల్ కెమెరా ప్రతి ఫొటోతోపాటు ఎంత నాభ్యంతరంతో తీసిందీ, ఎంత సమయం పట్టిందీ రాసి పెట్టుకుంటుంది. మీరు తీసిన వాటిలో నూరు ఫొటోలు తీసుకుని పట్టిక వేయండి. ఎక్కువ ఫొటోలు 55 దగ్గరే ఆగి, ఇంకా దగ్గరగా వస్తే బాగుండుననిపిస్తే మీకు కావలసింది దూరకటకమే. 18 దగ్గరే ఆగితే ఇంకా వెడల్పైన దృశ్యాన్ని పట్టే కటకం కావాలి. ఇళ్ళలో, దీపాల వెలుతురులో తీసినవి అలికినట్లుంటే పెద్ద ద్వారమున్న స్థిర కటకం కావాలి. సెన్సరు చిన్నదై, గది ఇరుకైతే 50 కంటే 35 మి.మీ. నయం. ఏది కొన్నా మీ కెమెరాకు అమరుతుందో లేదో చూడండి. పాతదైతే వెలుతురుకు ఎదురుగా పట్టి లోపల బూజు ఉందేమో చూడండి.

దుకాణంలో అద్దాల వెనుక మెరిసే కటకం మీకేం కావాలో చెప్పలేదు. మీ ఫొటోలు చెబుతాయి.

ఆ పిల్లవాడు నిన్న పట్టిక తెచ్చి చూపాడు. నూటికి అరవై మూడు ఫొటోలు ఇంట్లో తీసినవే. వాటిలో ఎక్కువ వాళ్ళ నాయనమ్మవి. సగానికి పైగా అలికినట్లున్నాయి. "మాస్టారూ, నాకు పిట్టల కంటే మా నాయనమ్మ ఫొటోలే ఎక్కువ కావాలన్నమాట" అని నవ్వాడు.

వాడికి ఇంకా సమయముంది. మీకూ ఉంది.