ఆకు చెప్పిన సాక్ష్యము

ఈ శీర్షిక క్రింద పడకగదుల కిటికీలను గూర్చియు, వంటయింటి పొగను గూర్చియు మేము పలుమాఱులు వ్రాసియున్నాము. ఈ మాసమున గడప దాటి పొలమునకు పోవలెనని తలచితిమి. గాలి చెడినచో మనకు దగ్గు వచ్చును, పిల్లలకు ఆయాసము వచ్చును, వెంటనే వైద్యునికి కబురంపుదుము. పైరునకు వచ్చిన ఆయాసము మాత్రము గింజలు ఇల్లు చేరి కొలతకు వచ్చుదాక ఎవరికిని తెలియదు. అప్పుడైనను వాన చాలలేదనియో, ఎరువు చాలలేదనియో అనుకొందుమే గాని గాలిని అనుమానింపము.

ఆకు అడుగుభాగమున కంటికి కానరాని సన్నని రంధ్రములు వేలకొలది కలవు. పగటివేళ ఆకు వానిని తెఱచి, బొగ్గుపులుసు గాలిని లోనికి తీసికొని, ఎండ సాయమున చక్కెరగను పిండిగను మార్చుకొనును. మనము తిను అన్నమంతయు ఆకు చేసిన ఆ వంటయే. ఐతే పిలిచిన చుట్టమునకై తలుపు తీసినపుడు పిలువని దొంగయు లోన జొరబడుట కలదు.

అట్టి దొంగ యొకడు ఉత్తర ప్రదేశ్, బీహారు రాష్ట్రములలోని మామిడితోటల వారికి చిరకాల పరిచితుడు. పిందె ఎదుగుచుండగా దాని మొన పసుపు తిరిగి, పిదప నల్లబడి, గట్టిపడిపోవును. కాయ తక్కిన భాగము చక్కగనే యుండును గాని అంగడిలో దానికి ధర పలుకదు. దశేరి మామిడికి ఈ చేటు మిక్కుటము. తోట చెంత కాలుచుండు ఇటుకబట్టీల పొగయే దీనికి హేతువని మన దేశపు శాస్త్రజ్ఞులు ఇరువదవ శతాబ్దపు మొదటి సగముననే కనిపెట్టిరి. బట్టీని దూరముగా పెట్టుట, పొగగొట్టము ఎత్తు పెంచుట, పిందె సమయమున వెలిగారము కలిపిన నీరు చల్లుట దీనికి మందులు. వెలిగారమనిన కంసాలి బంగారము అతుకుటకు వాడునదే. ఇక్కడ దెబ్బయు కనబడుచున్నది, దొంగయు కనబడుచున్నాడు. కావున తగవు తేలుట కష్టము కాలేదు.

దెబ్బ మాత్రమే కనబడి, దొంగ కనబడని కథ అమెరికా పడమటి తీరమున లాస్ ఏంజెలీసు నగరమున జరిగినది. 1943వ సంవత్సరపు వేసవిలో ఆ నగరమును గోధుమవన్నె మసక యొకటి కమ్మెను. జనుల కన్నులు మండెను, గొంతులు గీరుకొనెను. అది యుద్ధకాలము, శత్రువులు విషవాయువు వదలిరేమో యని కొందఱు బెదరిరి. తరువాత ఆ నింద కృత్రిమపు రబ్బరునకు వలయు సరకు చేయు ఒక కర్మాగారముపై పడెను. దాని పనిని కొంతకాలము ఆపించి చూచిరి గాని మసక ఆగలేదు. పొగ, మంచు అను రెండు ఇంగ్లీషు మాటలను అతికి అంతకుమునుపే చేసియున్న 'స్మాగ్' అను పేరునే అచ్చటివారు దీనికి పెట్టిరి. పేరు పెట్టుట సులభమైనది. దాని పుట్టుక తెలియుటకే ఏండ్లు పట్టినది.

1944 మొదలుకొని ఆ చుట్టుపట్ల కూరలు పండించు రైతులు మఱియొక వింత చూచిరి. పాలకూర, లెట్యూసు మున్నగు ఆకుల అడుగుభాగమున వెండి నీరు పోసినట్లు మెఱుపు వచ్చి, ఆకు వాడి, అమ్మకమునకు పనికిరాకుండ పోవుచుండెను. మొదట అందఱును ఇది గంధకపు పొగ యనిరి. లండను నగరపు పొగలో నుండునది అదియే గదా. కాని గంధకధూమము ఆకును కాల్చు తీరు వేఱు, ఈ మచ్చ తీరు వేఱు. నగరపు పెద్దల ఊహలకంటె పాలకూర చెప్పిన సాక్ష్యమే నిజమునకు దగ్గఱగా నుండెను.

ఆ సాక్ష్యమును విన్నవాడు ఆరీ హాగెన్-స్మిట్. ఈయన 1900లో హాలండు దేశమున జన్మించి, పాసడీనాలోని కాల్టెక్ విద్యాలయమున ఆచార్యుడై, అనాసపండునకు ఆ రుచి, ఆ వాసన ఏయే పదార్థముల వలన వచ్చుచున్నవో శోధించుచుండెను. పండు వాసనను పట్టు నేర్పుతోనే ఆయన నగరపు గాలిని పట్టి, చల్లార్చి, అందులోని సారమును పరీక్షించెను. పిమ్మట తోడివారితో కలిసి పాలకూర, బీటు, ఓట్లు, లూసర్ను గడ్డి మొదలగు మొక్కలను మూసిన అరలలో నుంచి, పెట్రోలు ఆవిరిని ఓజోనుతో కలిపి వానిపైకి వదలెను. పొలములో కనబడిన మచ్చయే అరలోని ఆకుపైనను వచ్చెను! మోటారుబండి గొట్టమునుండి వెడలు కాలని పెట్రోలు ఆవిరియు, నత్రజని ఆమ్లజనితో కూడగా ఏర్పడు వాయువులును ఎండలో కలిసినచో ఓజోను పుట్టునని 1952లో ఆయన ప్రకటించెను. రబ్బరును వంచి గాలిలో నుంచినచో ఓజోను సోకి పగులును. ఎన్ని నిమిషములకు పగిలెనో చూచి గాలిలో ఓజోను ఎంత గలదో ఆ దినములలో కొలుచుచుండిరి. (వెండి మెఱుపును కలిగించునది ముఖ్యముగా ఓజోను కాదనియు, దానితోపాటు ఆ ఎండలోనే పుట్టు మఱియొక వాయువనియు తరువాత తేలినది. ఓజోను తన గుర్తును ఆకు పైభాగమున వేయును.)

ఈ మాట చమురు వ్యాపారులకు రుచింపలేదు. జనులకు మాత్రము రుచించునా? దోషము ఎవనిదో కర్మాగారముది కాక, తమ తమ వాకిళ్ల యందలి బండ్లదే యని వినుటకు ఎవరికి ఇష్టము! ఐనను కాలిఫోర్నియా రాష్ట్రము గాలిని కాపాడుటకై యొక సంఘమును నెలకొల్పి, 1968లో ఈయననే దానికి తొలి అధ్యక్షునిగా నియమించినది.

ప్రాణవాయువునందు పరమాణువులు రెండేసి జతగూడి యుండును. మూడు గూడినచో ఓజోను. ఆకాశమున మిక్కిలి ఎత్తున నున్న ఓజోను సూర్యుని తీక్ష్ణకిరణములనుండి మనలను కాచు గొడుగు. నేలపైన పుట్టినదే కీడు చేయును. అది ఆకు రంధ్రములలో దూరి లోపలి మెత్తని కణములను చెఱచును. మొక్క తన బలమును గింజకు పెట్టక, గాయములు మాన్పుకొనుటకు వెచ్చించును. ఆకు ముందుగా ముసలిదగును, గింజ చిన్నదగును.

ఇక మన దేశపు సంగతి. ఇక్కడ దొంగయు కనబడడు, దెబ్బయు కనబడదు. గోధుమ గింజ పాలు పోసికొను ఫిబ్రవరి, మార్చి నెలలలో ఉత్తరదేశమున ఎండ కాయుచుండును, గాలిలో పొగ నిండియుండును. ఓజోనునకు అంతకంటె వలయునదేమి? చేను పచ్చగనే యుండును, రాశి మాత్రము తగ్గును. పూనా నగరపు వాతావరణ శాస్త్రజ్ఞుడు సచిన్ ఘుడే తోడివారితో కలిసి 2014లో ప్రకటించిన లెక్క చొప్పున, 2005వ సంవత్సరమున ఓజోను వలన మన దేశమున నష్టమైన గోధుమ 35 లక్షల టన్నులు, బియ్యము 21 లక్షల టన్నులు. అది సుమారు 9 కోట్ల 40 లక్షల మంది పేదలను పోషింపజాలునట. ఇది కాటాపై తూచినది కాదు, లెక్కగట్టినది. అందు సగమే నిజమనుకొన్నను గుండె ఝల్లుమనును.

తూచి చూచిన వారును లేకపోలేదు. కాశీ హిందూ విశ్వవిద్యాలయమున వృక్షశాస్త్ర ఆచార్యురాలు మధూలికా అగ్రవాల్ గారు, వారి శిష్యులు పొలములో పైకప్పు లేని గదులు నిలిపి, కొన్నిటిలోనికి బొగ్గుతో వడగట్టిన గాలిని, కొన్నిటిలోనికి ఉన్న గాలినే పంపి గోధుమ పెంచిరి. నేల ఒకటే, నీరొకటే, విత్తనమొకటే. వడగట్టిన గాలిలోని పైరు ఎక్కువ గింజ నిచ్చెను. మన బిడ్డలవలె పైరునకును శుభ్రమైన గాలి ఒక ఆహారమని తెలియుటకు ఇంతకంటె నిదర్శనము మాకు తోచుట లేదు.

మన వరికి గోధుమకంటె బాధ తక్కువ. సార్వా పంట మబ్బుల క్రింద పెరుగును. ఎండ తగ్గినచో ఓజోను పుట్టుక తగ్గును. దాళ్వాకు ఆ నీడ లేదు. మఱియొక చోద్యము వినుడు. నగరము నడుమ బండ్లనుండి అప్పుడే వెలువడిన పొగ ఓజోనును కొంత హరించును. గాలివాలున పోయిన పిమ్మట పల్లెలపై అది మరల పెరుగును. బండ్లు పట్నములో తిరుగును, ఆకు పల్లెలో నలుగును. గాలిని కొలుచు యంత్రములో, అవి అధికముగా పట్టణములందే యున్నవి.

ఇందు పొయ్యికిని పాలు కలదని చెప్పక తప్పదు. కట్టె, పిడక కాలిన పొగలోని వాయువులును ఓజోను తయారీకి ముడిసరకే. ఇండ్లలోని పొగ యంతయు ఆగినచో దేశపు గాలిలోని సన్నని ధూళి సగటున ప్రభుత్వము పెట్టిన హద్దునకు లోబడునని 2019లో ఒక పరిశోధన తెలిపినది. అంతమాత్రమున పొయ్యి ఊదు ఇల్లాలిని తప్పుపట్టువారితో మేము ఏకీభవింపము. ఆ పొగను మొదట మ్రింగునది ఆమె. పిదప ఆమె చంకలోని బిడ్డ. 1999లో ఆంధ్ర ప్రదేశమున దీపము పథకమును, 2016లో దేశమంతట ఉజ్జ్వల పథకమును పేద స్త్రీలకు గ్యాసు పొయ్యి నిచ్చినవి. పొయ్యి వచ్చెను గాని సిలిండరు అయినప్పుడెల్ల మరల కొనుటకు డబ్బు చాలక కట్టెలపొయ్యిని చెంతనే యుంచుకొన్న యిండ్లు ఎన్నియో. ఆ ధర తగ్గించుట వంటింటి ఉపకారము మాత్రమే కాదు, పొలమునకును ఉపకారమని ప్రభువులు గ్రహింపవలెను.

మా పెరటిలో ఈ గుర్తు చూడవచ్చునా యని కొందఱు సోదరీమణులు అడుగవచ్చును. చూడవచ్చును. బీన్సు మొక్కకు ఓజోను త్వరగా సోకును. వరుసగా ఎండ కాసిన దినముల తరువాత ముదురాకులను పరీక్షింపుడు. ఈనెలను విడిచి, నడుమ నడుమ, ఆకు పైభాగమున మాత్రమే సూదిమొనతో పొడిచినట్లు సన్నని చుక్కలున్నచో ఓజోనును అనుమానింపవచ్చును. ముందు ఆకును తిరుగవేసి చూడుడు. అడుగున సాలెగూడు వంటి పోగులు గాని, కదలు ఎఱ్ఱని చుక్కలు గాని యున్నచో అది ఎఱ్ఱనల్లి పని. నీళ్లు గట్టిగా చిమ్మి కడిగిన చాలును.