పులి యను నొక్కమాట చాలునా?

మన తాలూకాలో ఏ మందలో గొఱ్ఱె చచ్చినను, ఏ పొదలో రెండు కన్నులు మెఱసినను, “పులి వచ్చినది” అను మాటయే ఊరంతయు వ్యాపించును. దొడ్డబళ్ళాపురము చుట్టుప్రక్కల నేడు పెద్దపులి లేదు. మాకళిదుర్గపు గుట్టలయందును, నందిదుర్గము దాపునను ఉన్నది చిఱుతపులి. ఈ రెండింటిని ఒక్క పేరుతో పిలుచుట అల్పమైన దోషము కాదని నా యభిప్రాయము. పేరు తప్పినప్పుడు భయమును దారి తప్పును. అట్టి భయమునుండియే ఉచ్చులు, విషము కలిపిన మాంసము, కఱ్ఱలు పుచ్చుకొని వెంటాడు గుంపులు పుట్టుచున్నవి. అందు మృగమును చచ్చును, మనుష్యుడును గాయపడును.

మన విద్యార్థులకు ఈ తికమక మఱింత యెక్కువ. ఇంట తెలుగు, అంగడిలో కన్నడము, పైపుస్తకములలో ఇంగ్లీషు. కన్నడమున చిఱుతను ‘చిరతె’ యందురు. ఆ ధ్వనినిబట్టి దానిని ‘చీతా’ యని వ్రాయువారు ప్రతి తరగతిలోను కలరు. చీతా వేఱొక జంతువు. దాని మేన నిండు చుక్కలుండును. కంటికొననుండి నోటివఱకు నల్లని చాఱ యుండును. చిఱుత మేని మచ్చలు పూలరేకులవలె గుంపులు గుంపులుగా నుండును. చీతా పగటివేళ బయలున పరుగెత్తి జింకను పట్టును. చిఱుత చీకటిలో పొంచి మీదికి దూకును. పూర్వము రాజులు చీతాలను మచ్చికచేసి వేటకు గొనిపోవుచుండిరి. 1952లో అవి మనదేశమున నశించినవని ప్రకటించిరి. 2022 సెప్టెంబరులో నమీబియానుండి ఎనిమిదింటిని తెచ్చి మధ్యప్రదేశములోని కునో యడవికి చేర్చిరి. దానికి సివంగి యను చక్కని పేరు మనకుండగా, నేడు కొందఱు ఆ మాటను ఆడుసింహమునకు అంటగట్టుచున్నారు. తెలుగు చెప్పుకొని బ్రదుకువాడనగుటచే నాకిది కొంత కష్టముగ తోచును.

పేరులోనే గుణమును చెప్పగల నేర్పు మన పూర్వులకుండెను. దుమ్ములగొండి యను మాటను చూడుడు. దుమ్మనగా ఎముక. ఇతర మృగములు విడిచిపోయిన ఎముకలను పిండిచేయగల దవడలు దానివి. అందువలననే దాని పెంట ఎండిన పిదప సున్నమువలె తెల్లగానుండును. ముందుకాళ్ళు పొడవు, వెనుకకాళ్ళు పొట్టి. వీపు వెనుకకు వాలియుండును. కన్నడిగులు దానిని ‘కత్తెకిరుబ’ యందురు. కత్తె యనగా గాడిద. చూచుటకు కుక్కజాతివలె కనబడును గాని, శాస్త్రజ్ఞులు దానిని పిల్లి, ముంగిసల వైపు చుట్టముగా లెక్కింతురు. చచ్చినదానిని తిని నేలను శుభ్రపఱచు నీ మృగమును మంత్రగత్తె వాహనమని కొట్టిచంపుట యెంత యన్యాయము! నక్కకును ఇట్టి యపవాదే కలదు. నీతిచంద్రికలో కరటక దమనకుల జిత్తులు చదివినవారికి నక్కపై మంచి తలపు కలుగదు. పొలములో ఎలుకలను తిని రైతునకు మేలుచేయునదియు, రేగుపండ్లు రాలినచో వానితోనే కడుపు నింపుకొనునదియు ఆ నక్కయే.

తోడేలు సంగతి వేఱు. అనంతపురపు బీళ్ళలోను, కొప్పళ ప్రాంతమునను గొఱ్ఱెలమందల వెంబడి తిరుగు జంతువది. దానివలన నష్టమే లేదని చెప్పువాడు గొల్లల కష్టమెఱుగనివాడు. కాని ఊరకుక్కలు చేసిన హత్యలు గూడ దాని పద్దులోనే పడుచున్నవి. అడవిమృగము పశువును చంపినచో ప్రభుత్వమువారు పరిహారమిచ్చు ఏర్పాటు కలదు. అది పొందవలెనన్న చంపినదెవరో తేలవలెను. చిఱుత నడచునప్పుడు గోళ్ళను లోనికి ముడుచుకొనును; కనుక దాని యడుగు గుండ్రముగా, గోటిగుర్తు లేక యుండును. కుక్క, తోడేలు, దుమ్ములగొండి యడుగులలో గోటిగుర్తులు కనబడును. చిఱుత గొంతు పట్టి ఊపిరాడకుండ చేయును. కళేబరమును లాగివేసి, జనులు నేలనంతయు త్రొక్కిన పిదప అధికారి వచ్చి చూచుట కేమి మిగులును?

2022 నాటి లెక్కలో మనదేశమున చిఱుతలు 13,874 అనియు, అందు కర్ణాటకమున 1,879 అనియు అంచనా వేసిరి. ఇవి యన్నియు దట్టమైన యడవులలో లేవు. కుక్కలున్నచోటికి, కుప్పలున్నచోటికి చిఱుత వచ్చును. 2016 ఫిబ్రవరిలో బెంగళూరులో ఒక పాఠశాలలోనికే చొచ్చెను. ఆదివారమగుటచే పిల్లలు లేరు. పట్టబోయిన వారిలో కొందఱు గాయపడిరి. తిరుమల కాలిబాటలో 2023 ఆగస్టున ఆఱేండ్ల బాలికను చిఱుత చంపినది. ఆ దుఃఖమును తలచుకొన్నప్పుడు, చిఱుతను వెనుకవేసికొని మాటలాడుటకు నోరురాదు. పిమ్మట పదునైదేండ్లలోపు పిల్లలను మధ్యాహ్నము రెండు గంటలు దాటినచో ఆ దారిని పోనీయక కట్టడిచేసిరి; నడచువారికి చేతికఱ్ఱలును ఇచ్చిరి. కఱ్ఱకంటె కాలనియమమే నాకు సమంజసముగ తోచినది. సందెచీకటియే చిఱుత వేళ. చిన్నదేహము, ఒంటరినడక దానికి ఆశగొలుపును.

ఈ నియమము మనకును కావలెను. గుట్టలవైపు పల్లెలనుండి నడచివచ్చు పిల్లలు మన పాఠశాలలో కలరు. మార్గశిర పుష్యమాసములలో ఆఱు గంటలకే ప్రొద్దుగ్రుంకును. పదవతరగతి ప్రత్యేకపాఠములు ముగియునప్పటికి అదే వేళ యగుచున్నది. ఆ నెలలలో వానిని ఉదయమునకు మార్చవలెననియు, అంతవఱకు పల్లెల పిల్లలను నాలుగున్నరకే, చిన్నవారిని నడుమ నుంచి గుంపుగా పంపవలెననియు ఉపాధ్యాయసభలో ప్రతిపాదింపనున్నాను. పాఠమొకటి తగ్గునను తలిదండ్రులు తమ యభిప్రాయమును వ్రాసి పంపుదురుగాక.