తెరకు ఉర్దూ ఎవరు నేర్పాలి?

ప్రభుత్వ పాఠశాలల్లోకి డిజిటల్ పరికరాలు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబ్‌లు పంచారు. మరుసటి సంవత్సరం ఉన్నత పాఠశాలల్లో ముట్టుకుంటే పనిచేసే పెద్ద ప్యానెళ్లు బిగించారు. తెలంగాణలో టీ-శాట్ ద్వారా పాఠాలు ప్రసారమవుతున్నాయి. ఇదంతా ప్రజాధనం, అందులో మన పన్నులూ ఉన్నాయి. అందుచేత ఆ తెర మన పిల్లలతో ఏ భాషలో మాట్లాడుతున్నదని అడగడం యాచన కాదు.

ఉర్దూ మాధ్యమంలో ఏడో తరగతి చదివే ఒక బాలికను తలచుకోండి. ఇంట్లో ఆమె మాట్లాడేది దక్కనీ. పాఠ్యపుస్తకంలో ఉన్న మాట ‘జియాయీ తాలీఫ్’. వీడియోలో వినిపించేది ‘ఫొటోసింథసిస్’, లేదా ‘కిరణజన్య సంయోగక్రియ’. పరీక్షలో రాయవలసింది మాత్రం మళ్లీ ‘జియాయీ తాలీఫ్’. ఈ మూడూ ఒక్క సంగతే అని చెప్పే ఉపాధ్యాయిని ఎదుట ఉంటే ఆ పిల్ల మూడు భాషల సంపదతో ఇంటికి వస్తుంది. లేకుంటే ఆకుపచ్చని బొమ్మ చూసి వస్తుంది, అంతే.

ఆ ఉపాధ్యాయిని ఉండడమే కష్టంగా ఉంది. రోస్టరు ప్రకారం కేటాయించిన ఉర్దూ మాధ్యమ పోస్టులకు ఆయా వర్గాల్లో అర్హులు దొరకక, అవి ఏళ్ల తరబడి ఖాళీగా మిగిలిపోవడం మనకు కొత్త కాదు. ఖాళీ కుర్చీ పక్కన తెర బిగించి తరగతి నడుస్తున్నదని లెక్క చూపితే అంగీకరించరాదు.

ఆధునిక శాస్త్రాలు ఉర్దూలో ఇమడవనేవారికి హైదరాబాదు చరిత్రే సమాధానం. 1917లో ఇక్కడ దారుల్ తర్జుమా ఏర్పడింది. 1918లో ప్రారంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం కోసం అది గ్రంథాలను అనువదించింది, పరిభాషను నిర్మించింది. వైద్యమూ, ఇంజనీరింగూ ఉర్దూలో బోధించారు. నూరేళ్ల క్రితం డిగ్రీ చదువుకు సాధ్యమైనది నేడు ఏడో తరగతి వీడియోకు సాధ్యం కాదా? ఎన్‌సీఈఆర్‌టీ ఉర్దూ పుస్తకాలు ఈ-పాఠశాలలో ఉచితంగా దొరుకుతాయి. హైదరాబాదులోని మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయపు మీడియా కేంద్రం ఉర్దూలో వీడియో పాఠాలు తయారుచేస్తున్నది. అవి మన రాష్ట్రాల పుస్తకాలతో పాఠానికి పాఠం సరిపోకపోవచ్చు. అయినా పునాది ఉంది.

వీడియోలు వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కరలేదు. అరగంట వీడియో పెట్టి ఉపాధ్యాయుడు పక్కకు జరిగితే అది బోధన కాదు. శబ్దం ఆపివేసి, మూడు నిమిషాలు బొమ్మ మాత్రమే చూపి, తన నోటితో ఉర్దూలో చెప్పి, మధ్యలో నిలిపి “తరువాత ఏమవుతుంది?” అని అడిగితే పిల్లలు తెర వైపు కాక ఒకరి వైపు ఒకరు తిరిగి వాదించుకుంటారు. దీనికి ఖర్చేమీ లేదు. అదే పాఠాన్ని ఐదు నిమిషాల ఆడియోగా రికార్డు చేసి తల్లుల వాట్సాప్‌కు పంపితే, చదువు రాని తల్లి కూడా వినగలదు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోను తండ్రితో ఆటోలోనో, మెకానిక్ షెడ్డులోనో ఉండి రాత్రికి తిరిగి వస్తుంది. అప్పుడు కూడా అది ముందు కొడుకు చేతికే పోతుంది. ఆడపిల్లకూ ఒక వేళ కేటాయించడం మన ఇళ్లలో మనం చేయవలసిన పని. దానికి ఏ జీవో అక్కరలేదు.

ఇంగ్లీషే కావాలి, ఉర్దూ దేనికి అనే తల్లిదండ్రులున్నారు. ఇంగ్లీషు తప్పక రావాలి. కానీ అర్థం కాని పాఠం ఏ భాషలో ఉన్నా ఇంగ్లీషు నేర్పదు.

ఇక హక్కు సంగతి. విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ ‘వీలైనంత వరకు’ మాతృభాషలో బోధించాలంటుంది. ఫైలు పక్కన పెట్టడానికి ఆ రెండక్షరాల ‘వీలై’ ఎంత అనువైనదో గుమాస్తాగిరీ చేసిన నాకు తెలుసు. అందుకే నోటిమాట చాలదు. అదే చట్టం ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది స్త్రీలుండాలి. పాఠశాల అభివృద్ధి ప్రణాళిక తయారుచేసేది ఆ కమిటీయే. ఉర్దూ డిజిటల్ పాఠాలు, ఉర్దూ మాధ్యమ ఉపాధ్యాయులకు ఉర్దూలోనే శిక్షణ, ఖాళీల భర్తీ అని ఆ ప్రణాళికలో రాయించండి. తీర్మానం ప్రతిని మండల విద్యాధికారికి ఇచ్చి, రెండో ప్రతిపై తేదీతో ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోండి. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద ఆ నంబరు ఉదహరించి ఏ చర్య తీసుకున్నారో అడగండి. సమాధానానికి ముప్ఫై రోజులే గడువు.