హైస్కూల్‌కు ముందు 49 రోజులు: షాబాద్ పిల్లల చేతికి ఏ పుస్తకం, ఏ భాషలో?

2025లో వేసవి సెలవులు ఏప్రిల్ 24న మొదలయ్యాయి. జూన్ 12న బడులు తెరిచారు. మధ్యలో 49 రోజులు. షాబాద్, చేవెళ్ల, మొయినాబాద్ మండలాల్లో ఏడో తరగతి పూర్తి చేసి హైస్కూల్‌లో ఎనిమిదికి వెళ్లే పిల్లలున్న ఇళ్లలో వేసవిలో ఒకటే మాట నడుస్తుంది: ట్యూషన్ పెట్టిద్దామా, ఎనిమిదో తరగతి గైడు ముందే కొనేద్దామా? ఇంకాస్త ఓపిక ఉన్నవాళ్లు ఇంగ్లీషు కథల పుస్తకం తెచ్చి ఇస్తారు. చాలా ఇళ్లలో అది వారం తిరిగేసరికి అల్మారా ఎక్కుతుంది.

తప్పు పిల్లలది కాదు, పుస్తకానిదీ కాదు. ఆ బిడ్డ ఏ భాషలో తడబడకుండా చదవగలడో ఎవరూ చూడకపోవడమే అసలు లోపం.

ముందు ఒక లెక్క చూడాలి. గ్రామీణ పిల్లల చదువుపై 'అసర్ 2024' నివేదిక 2025 జనవరిలో వచ్చింది. దేశం మొత్తం మీద సర్కారు బడుల్లో ఎనిమిదో తరగతి చదివే పిల్లల్లో రెండో తరగతి పాఠాన్ని చదవగలిగినవాళ్లు 67.5 శాతం. అంటే ప్రతి ముగ్గురిలో ఒకరు హైస్కూల్‌లో కూర్చుని కూడా రెండో తరగతి పాఠం చదవలేకపోతున్నారు. అలాంటి బిడ్డకు ఎనిమిదో తరగతి గైడు కొనివ్వడమంటే, ఈత రానివాడిని ఇంకా లోతైన బావిలోకి దింపడమే.

ఎనిమిదిలో బరువు కూడా పెరుగుతుంది. ఏడు వరకు ఒకే పుస్తకంగా ఉన్న సైన్స్, భౌతిక రసాయన శాస్త్రం ఒకటి, జీవశాస్త్రం ఒకటిగా విడిపోతుంది. సర్కారు బడుల్లో 2022-23 నుంచి ఇంగ్లీషు మీడియం వచ్చింది. పాఠ్యపుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు. ఇంగ్లీషు అర్థం కాకపోతే తెలుగు పేజీ ఆదుకుంటుందన్నది ఉద్దేశం. కానీ ఆ తెలుగు పేజీ కూడా కూడబలుక్కుని చదివే బిడ్డకు రెండు పేజీలూ ఒకటే.

మూడు భాషల ముడి

మన ఇళ్లలో ఈ చిక్కు ఇంకొంచెం ఎక్కువ. ఇంట్లో అమ్మీ, అబ్బాతో ఉర్దూ. బజార్లో, పొలం దగ్గర తెలుగు. బడి పుస్తకంలో ఇంగ్లీషు. బిడ్డ మూడు భాషలూ మాట్లాడుతుంటే పెద్దవాళ్లకు గర్వమే. అయితే మాట్లాడటం వేరు, చదవటం వేరు. ఇంట్లో గలగలా ఉర్దూ మాట్లాడే చాలామంది పిల్లలకు ఆ అక్షరాలే రావు. అందుకే ఈ వేసవికి పుస్తకం కంటే ముందు భాషను ఎంచుకోవాలి.

దానికి పరీక్ష పెద్దదేం కాదు. మూడు భాషల్లో ఒక్కో పేజీ ఇచ్చి గట్టిగా చదవమనండి. చదివాక ఆ కథ తన మాటల్లో చెప్పమనండి. ఎక్కడ తక్కువ ఆగి, ఎక్కువ చెప్పగలిగితే ఈ సెలవులకు అదే మొదటి భాష. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలకు చాలావరకు అది తెలుగే అవుతుంది. ఉర్దూ మీడియం పిల్లలకు ఉర్దూ అవుతుంది. వాళ్లు దానితో పాటు రోజుకో చిన్న తెలుగు కథ చదివితే మంచిది. ఎందుకంటే 2018లో వచ్చిన చట్టం ప్రకారం తెలంగాణ బడుల్లో తెలుగు తప్పనిసరి పాఠం.

ఉర్దూ చదవడం రాని పిల్లలకు ఒక దగ్గరి దారి ఉంది. ఖురాన్ నాజ్రా పూర్తి చేసిన బిడ్డకు అరబీ అక్షరాలు 28 ముందే వచ్చు. ఉర్దూ కోసం పే, టే, చే, డాల్, గాఫ్ లాంటి మరికొన్ని నేర్చుకుంటే చాలు. కష్టమల్లా రెండు చోట్లే. ఖురాన్‌లో ఉండే జబర్, జేర్, పేష్ గుర్తులు ఉర్దూ పుస్తకాల్లో సాధారణంగా ఉండవు. రాత తీరు కూడా నస్తాలీఖ్‌కు మారుతుంది. మాట ముందే నోట్లో ఉంది కాబట్టి ఆ గుర్తులు లేకున్నా బిడ్డ పోల్చుకుంటాడు. పక్కన దాదీయో నానీయో కూర్చుంటే 49 రోజులు ఎక్కువే.

ఎంచుకోవాల్సింది ఎవరు?

అమెరికాలోని ఫ్లోరిడాలో అలింగ్టన్, మెక్‌గిల్-ఫ్రాంజెన్ అనే ఇద్దరు పరిశోధకులు పేదింటి పిల్లలకు వరుసగా మూడు వేసవులు, ఏటా 12 పుస్తకాలు ఇచ్చారు. వాటిని ఎంచుకున్నది పిల్లలే. 2010లో ఫలితం ప్రచురించారు. పుస్తకాలు అందిన పిల్లలు, అందనివాళ్ల కంటే చదవడంలో ముందున్నారు. అక్కడ చదివింది చిన్న తరగతుల పిల్లలే అయినా, ఆ పాఠం ఇక్కడికీ పనికొస్తుంది. పుస్తకం ఇంట్లో ఉండాలి, బిడ్డ మనసుకు నచ్చినది అయ్యుండాలి.

పెద్దవాళ్లు చేయాల్సింది నాలుగైదు పుస్తకాలు ముందు పెట్టడం. మహమ్మద్ ఖదీర్ బాబు 'దర్గామిట్ట కతలు'లో నెల్లూరు వైపు ముస్లిం ఇంటి బాల్యం ఉంది. యాస వేరైనా ఆ ఇల్లు మన పిల్లలకు తెలిసినదే. తెలుగు పుస్తకంలో తమలాంటి ఇల్లు కనిపించడం చిన్న విషయం కాదు. జపాన్ రచయిత్రి తెత్సుకో కురొయానాగి రాసిన 'రైలుబడి' రైలుపెట్టెల్లో నడిచిన బడి కథ. అబ్దుల్ కలాం 'ఒక విజేత ఆత్మకథ'లో రామేశ్వరం రోజులున్న మొదటి అధ్యాయాలు చాలు, రాకెట్ల భాగం పదో తరగతికి ఉంచొచ్చు. ఉర్దూ చదివే పిల్లలకు ప్రేమ్‌చంద్ 'ఈద్‌గాహ్' ఇవ్వొచ్చు. మూడు పైసలతో మేళాకు వెళ్లి, దాదీ చేతులు కాలకుండా చిమ్టా కొనుక్కొచ్చే హామిద్ కథ అది.

పుస్తకం బరువు తెలుసుకోవడానికి వేళ్ల లెక్క ఉంది. ఒక పేజీలో అర్థం కాని మాటకు ఒక్కో వేలు ముడవాలి. ఐదు వేళ్లూ ముడుచుకుంటే ఆ పుస్తకం ఇప్పటికి పక్కన పెట్టి, తేలికైనది తీసుకోవాలి. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

ఖర్చు సంగతి

ఇంటి పన్ను కట్టే ప్రతి కుటుంబం రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కడుతోంది. 1960 నాటి గ్రంథాలయాల చట్టం నుంచి వచ్చిన పద్ధతి ఇది. ఆ డబ్బు జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరాలి. కాబట్టి దగ్గర్లోని శాఖా గ్రంథాలయానికి వెళ్లి పిల్లల పుస్తకాలు అడగడం హక్కే. ఆడపిల్లను ఒంటరిగా పంపడానికి జంకే ఇళ్లలో, వారానికోసారి అమ్మతోనో అన్నతోనో పంపి, ఇంటికి తెచ్చుకునే సభ్యత్వం తీసుకోవచ్చు. పదమూడేళ్లకే ఆడపిల్ల చదువు మీద ఇంట్లో చర్చ మొదలయ్యే చోట్ల, ఆమె చేతిలో ఉన్న పుస్తకం కూడా ఒక జవాబే.

ఫోన్ ఎలాగూ ఉంటుంది. అసర్ లెక్కలో 14-16 ఏళ్ల పిల్లల్లో 82 శాతం మందికి స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చు. అదే ఫోన్‌లో ప్రథమ్ బుక్స్ వారి 'స్టోరీవీవర్' తెరిస్తే తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు కథలు ఉచితంగా దొరుకుతాయి. స్థాయిల వారీగా విడదీసి పెట్టారు. చాలా కథలు ఒకటికంటే ఎక్కువ భాషల్లో ఉన్నాయి. ముందు తెలుగులో చదివి, తర్వాత అదే కథ ఇంగ్లీషులో చదివితే ఇంగ్లీషుకు భయం తగ్గుతుంది.

షాబాద్ మండలంలోని చందనవెల్లిలో ఇప్పుడు పారిశ్రామిక వాడ ఉంది, డేటా సెంటర్ ఉంది. ఇవాళ ఎనిమిదిలోకి వెళ్లే బిడ్డ ఐదారేళ్లలో పని వెతుక్కుంటూ ఆ వైపు చూస్తాడు. దొరికే పని గేటు దగ్గరా, లోపలా అన్నది చాలావరకు చదివి అర్థం చేసుకునే శక్తి మీదే ఆధారపడుతుంది. గైడు కొనడానికి జూన్ ఉంది. ఈ వారం మాత్రం ఇంట్లో మూడు భాషల్లో మూడు పేజీలు చదివించి చూడండి.