ఆ ఆకులు ఏమయ్యాయి?

మన దగ్గర కవిత రాసినవాడికి ఉన్న కష్టం ఫోటో తీసినవాడికి లేదు. కవిత పెడితే కనీసం ఒక్కరైనా "ఇది వచనమే కదా, ముక్కలు చేసి పేర్చారు" అంటారు. అదే లంబసింగి పొగమంచు ఫోటో పెట్టి చూడండి. "సూపర్", "కేక", "వాల్‌పేపర్‌లా ఉంది బ్రో", నాలుగు చప్పట్లు, రెండు మంటలు. అంతే. మెచ్చుకున్నవాళ్ళు వందమంది, చూసినవాళ్ళు ఎందరో తెలీదు.

కాస్త సీరియస్‌గా తీసుకునేవాళ్ళూ లేకపోలేదు. హొరైజన్ వంగిందంటారు, రూల్ ఆఫ్ థర్డ్స్ తప్పిందంటారు. ఇంకొందరు ఏ లెన్సు, ఎంత ఐఎస్ఓ అని అడిగి రాసుకుంటారు, కథ చదివి ఏ ఫాంట్ వాడారని అడిగినట్టు. ఇవి అక్కర్లేదని అనను. తెల్లకొంగ ఈకల్లో వివరం పోకూడదంటే ఎక్స్‌పోజర్ కొంచెం తగ్గించాలని నాకూ ఎవరో చెబితేనే తెలిసింది. కానీ అక్కడితో ఆగిపోయే మాటని సర్వీసింగ్ అనొచ్చు గానీ విమర్శ అనలేం.

నా వాదన ఒక్కటే. ప్రకృతి ఫోటో అయినా, ప్రయాణంలో తీసిన ఫోటో అయినా "ఎలా తీశావు?" అని అడక్కుండా దాని మంచిచెడ్డలు చెప్పలేం. ఎలా అంటే షట్టర్ స్పీడు గురించి కాదు. ఎంత దగ్గరికి వెళ్ళావు, దేన్ని కదిలించావు, ఎవర్ని అడిగావు అని.

నా తప్పుతోనే మొదలుపెడతాను. కొన్నేళ్ళ కిందట హైదరాబాద్ శివార్లలో ఒక స్నేహితుడి పెరట్లో తేనెపిట్ట గూడు కనిపించింది. చేతికందే ఎత్తులో, చిన్న సంచీలా వేలాడుతోంది. లోపల రెండు పిల్లలు. ముందు ఆకులు అడ్డంగా ఉన్నాయి. గూడు కదలకుండా జాగ్రత్తగానే తుంచాను. తల్లి పురుగు తెచ్చి నోట్లో పెడుతున్న క్షణం దొరికింది. నేను తీసినవాటిలో ఎక్కువమంది మెచ్చుకున్న ఫోటో అదే. సిగ్గులేకుండా "మాతృత్వం" అని శీర్షిక కూడా పెట్టాను.

అంతమందిలో ఒకే ఒక్క పెద్దాయన, పక్షుల్ని చూడటమే తప్ప ఫోటోలు తీయని మనిషి, అడిగారు: "ఆ గూటి ముందు ఆకులుండాలే బాబూ, ఏమయ్యాయి?"

జవాబు చెప్పలేకపోయాను. మరుసటి ఆదివారం వెళ్ళేసరికి గూడు చిరిగి ఉంది. పిల్లలు లేవు. ఆకులున్నా కాకులు కనిపెట్టేవేమో, నేను వెళ్ళకపోయినా ఇదే జరిగేదేమో. ఇలా సర్ది చెప్పుకోవడానికి చాలా ఉన్నాయి. కానీ ఆ నీడనీ ఆ మరుగునీ తీసేసింది నా చెయ్యే. ఆ ఫోటోకి వచ్చిన మాటలన్నిట్లో దాన్ని నిజంగా చూసిన మాట ఆయనదొక్కటే.

లండన్‌లోని నేచురల్ హిస్టరీ మ్యూజియం వాళ్ళ వైల్డ్‌లైఫ్ ఫోటోగ్రాఫర్ ఆఫ్ ది ఇయర్ పోటీలో 2009 మొదటి బహుమతి, రాత్రిపూట గేటు మీంచి దూకుతున్న తోడేలు ఫోటోకి వచ్చింది. అది మచ్చికైన తోడేలే అయివుంటుందని తేల్చి, 2010లో బహుమతి వెనక్కి తీసుకున్నారు. అదే పోటీలో 2017లో ఒక విభాగంలో గెలిచిన ఫోటోలో ఉన్న యాంట్‌ఈటర్, చచ్చిన జంతువు చర్మంతో చేసి నిలబెట్టిన బొమ్మ అని నిర్ణయించి 2018లో దాన్నీ తప్పించారు. తీసినవాళ్ళిద్దరూ ఆ ఆరోపణ ఒప్పుకోలేదు. కాంపోజిషన్ మాత్రమే చూసే కళ్ళకి అవి ఇప్పటికీ గొప్ప ఫోటోలే. "ఎలా తీశావు?" అన్న ప్రశ్న పడ్డాకే వాటి విలువ మారింది.

ఇక మనుషుల సంగతి. అరకు వెళ్ళొచ్చిన కెమెరాల్లో తరచూ ఒక ముసలమ్మ ఉంటుంది. మొహం నిండా ముడతలు, ముక్కుకి నత్తులు, నోట్లో అడ్డపొగ. బ్లాక్ అండ్ వైట్ చేసి, కాంట్రాస్ట్ పెంచి, కింద "జీవన సంధ్య" అని రాస్తారు. ఆవిడ పేరేంటి? తీయనా అని అడిగారా? తీశాక చూపించారా? మన నానమ్మ కట్టుడుపళ్ళు తీసి అరుగు మీద కూర్చున్నప్పుడు ఎవడో వచ్చి క్లిక్‌మనిపించి "జీవన సంధ్య" అంటే ఊరుకుంటామా? నిప్పు లోపలికి పెట్టి చుట్ట కాల్చడం వల్ల అంగిట్లో కేన్సర్ వస్తుందని డాక్టర్లు దశాబ్దాలుగా చెబుతున్నారు. మనకి మాత్రం అది మంచి టెక్స్‌చర్.

క్రాప్ చెయ్యమనే సలహా సంగతీ చూద్దాం. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో పెలికాన్లూ, పెయింటెడ్ స్టార్కులూ ఊళ్ళో చెట్ల మీదే గూళ్ళు కడతాయి. అవొస్తే శుభమని ఊరివాళ్ళ నమ్మకం. అక్కడి ఫోటో చూపిస్తే మన నిపుణులు ఏమంటారు? "ఆ ఇంటి కప్పూ, కరెంటు తీగా తీసేయండి, క్లీన్‌గా ఉంటుంది." ఆ పక్షులు ఏళ్ళ తరబడి అక్కడికి రావడంలో ఆ కప్పు కింద మనుషుల ఓర్పు కూడా ఉంది. దాన్ని కోసేస్తే మిగిలేది అందమైన అబద్ధం.

"మేమేమన్నా ప్రొఫెషనల్సా? వీకెండ్ సరదాకి తీసుకుంటాం, ఇంత రాద్ధాంతం ఎందుకు?" అంటారు. సరదాకి తీసేవాళ్ళనే అడగాలి. ప్రొఫెషనల్‌కి డెడ్‌లైన్ ఉంటుంది, డబ్బులిచ్చిన క్లయింటు ఉంటాడు. మనకేం ఉంది? ఫోటో లేకుండా ఇంటికొచ్చేసే స్వేచ్ఛ మనకే ఉంది. దాన్ని నాలుగు మంట బొమ్మల కోసం వదులుకుంటున్నాం. గూళ్ళ ఫోటోలు అసలు తీసుకోమని నియమం పెట్టుకున్న పోటీ మన దేశంలోనే ఉంది. బహుమతులిచ్చేవాళ్ళకే లేని ఆబ మనకెందుకు?

కొత్తవాళ్ళు నొచ్చుకుంటారనే భయమూ ఉంది. నొచ్చుకుంటారు, నేనూ నొచ్చుకున్నాను. రెండు రోజులు ఆ పెద్దాయన మీద కోపంగానే ఉంది. ఆ ప్రశ్న నా మొదటి గూడు ఫోటోకే ఎవరైనా అడిగి ఉంటే, తేనెపిట్ట దాకా వచ్చేవాణ్ణి కాదు. అప్పుడు "సూపర్" అన్న స్నేహితులు నాకు మేలు చెయ్యలేదు.

కాబట్టి ఈసారి ఎవరైనా ఫోటో చూపిస్తే, బాగుందనే ముందు ఒక్క ప్రశ్న అడగండి. నన్నూ అడగండి. ఆ తేనెపిట్ట ఫోటో నేనింకా తీసేయలేదు. శీర్షిక మార్చాను: "ఆకులు తుంచి తీసిన ఫోటో."