ఏం తెచ్చినవ్ వదినా?

“కాళేశ్వరం పోయొచ్చినవ్ గదా వదినా, ఏం తెచ్చినవ్?”

2025 మే నెలలో సరస్వతీ పుష్కరాలకు వెళ్లి, జనగామలో బస్సు దిగి ఇంటికొచ్చానో లేదో, పక్కింటావిడ గడపలో నిలబడి అడిగిన మొదటి మాట ఇది. సంచీ విప్పాను. పిల్లలకు ప్లాస్టిక్ కార్లు, తాళంచెవుల గొలుసులు, ఇత్తడి రంగు పూసిన చిన్న కుందులు, మెరుపు కాగితం పొట్లంలో మిఠాయి. ఆవిడ పొట్లం తిప్పి చూసింది. తయారైన ఊరు ఎక్కడో ఉత్తరాదిన ఉంది. కుందుల అట్టపెట్టె మీదా అంతే. “ఇవి మన చౌరస్తాల కూడ దొరుకుతయ్ గదా!” అంటూ నవ్వేసింది. మాట చిన్నదే, కానీ గుచ్చుకుంది.

ఆ వారమే వాళ్లమ్మాయి స్నేహితురాళ్లతో వియత్నాం చూసొచ్చింది. నాకు నాలుగు కొబ్బరి బిళ్లలు, గుప్పెడు కాఫీపొడి ఇచ్చింది. బిళ్ల మీది పల్చటి పొర తీసేయబోతే, “అది బియ్యంతో చేసిందే అత్తమ్మా, తినెయ్యొచ్చు” అంది. బెన్ ట్రె అనే కొబ్బరితోటల ప్రాంతంలో ఆ బిళ్లలు చేస్తారట. కాఫీ పండించడంలో బ్రెజిల్ తర్వాత ప్రపంచంలో వియత్నామే రెండోది. గిన్నె మీద పెట్టి చుక్కచుక్కగా దింపుకునే చిన్న కాఫీ ఫిల్టరూ చూపించింది. ప్రతి వస్తువు వెనకా ఓ ఊరుంది, చెప్పుకోవడానికి ఓ కబురుంది. నేను తెచ్చినవాటి వెనక ఏముంది?

అలాగని మనల్ని మనం మరీ తిట్టుకోనక్కర్లేదు. ప్రయాణం అనగానే మగవాళ్లు టిక్కెట్లు చూసుకుంటారు. ఆడపడుచుకేం తేవాలి, తోటికోడలి పిల్లలకేం తేవాలి, పాలు పోసే ఆమెను మరిచిపోకూడదు అనే జాబితా మాత్రం మన తలలోనే తిరుగుతుంది. ఇరవై ఇళ్లకు పంచాలి, ఎవరికీ తక్కువ చేశామన్న మాట రాకూడదు. దాంతో ఏది చవగ్గా డజన్ల లెక్కన దొరికితే అది సంచీలో పడుతుంది. డబ్బూ ఖర్చవుతుంది, తెచ్చినవి నెల తిరక్కుండా అటక ఎక్కుతాయి.

మరి మన దగ్గర ఏమీ లేవా? జనగామ పక్కనే పెంబర్తి ఉంది. హైదరాబాద్–వరంగల్ రోడ్డు మీద వచ్చేపోయేవాళ్లంతా దాన్ని దాటుకునే వెళ్తారు. ఇత్తడి రేకును లక్క మీద పరిచి, చిన్న చిన్న ఉలులతో కొట్టి బొమ్మ తేల్చే పని వాళ్లది. కాకతీయుల కాలంలో గుళ్లకూ రథాలకూ అలంకారాలు చేసిన విశ్వకర్మల విద్య అది. భౌగోళిక గుర్తింపూ ఉంది. 2023లో కేంద్ర పర్యాటక శాఖ పెంబర్తిని ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసింది. అంత దగ్గర్లో ఉండి నేనేమో కాళేశ్వరం వెళ్లి రంగు పూసిన కుందులు కొన్నాను! ఆ కాళేశ్వరం ఉన్నది మహదేవ్‌పూర్ మండలంలో. అక్కడి అడవుల్లో మద్దిచెట్ల మీద పెరిగే పురుగుల నుంచి దసలి పట్టు వస్తుంది. దాని గురించి అడగాలన్న ఆలోచనే నాకు రాలేదు.

ఇంకో సంగతి చెప్పాలి, కాస్త సిగ్గుగానే. నా పుట్టిల్లు మానుకోట, అదే మహబూబాబాద్. ఓసారి అక్కడి బజార్లో ఓ లంబాడీ అమ్మ అద్దాలు, గవ్వలు కుట్టిన చేతిసంచీ అమ్ముతోంది. “300 బిడ్డా, నా చేత్తోనే కుట్టిన” అంది. బేరమాడి బేరమాడి 180కి తీసుకున్నాను. ఆ పూటంతా అందరికీ గొప్పగా చెప్పుకున్నాను కూడా. కొన్నాళ్లకు ఓ అద్దం ఊడింది. కుట్టుకుందామని కూర్చుంటే తెలిసింది, ఆ అద్దానికి రంధ్రం ఉండదు. చుట్టూ దారంతో గూడు అల్లి దాన్ని నిలపాలి. ఆ ఒక్క అద్దానికి నాకు అరగంట పట్టింది. సంచీ మీద లెక్కపెడితే నలభై ఉన్నాయి. చెయ్యి తిరిగిన మనిషికి నాకన్నా తక్కువే పట్టొచ్చు, అయినా ఎన్ని మధ్యాహ్నాలు? నేను తగ్గించిన 120 రూపాయలు ఆమె కూలీలోంచే పోయాయి. ఆ తర్వాత చాన్నాళ్లు ఆ సంచీ భుజానికి తగిలించుకోలేకపోయాను.

బేరం ఆడొద్దని కాదు. ఫ్యాక్టరీ సరుక్కి, పది చేతులు మారి వచ్చిన వస్తువుకి నిక్షేపంగా ఆడండి. చేసినామే ఎదురుగా కూర్చుని అమ్ముతుంటే మాత్రం ముందు ఒక్క మాట అడగండి: “దీనికెన్ని రోజులు పట్టింది?” ఆ జవాబు విన్నాక మన నోట ఎలాంటి ధర వస్తుందో చూద్దాం.

ఇరవై ఇళ్లకు పంచాలంటే తినేవే మేలు. మన సకినాలున్నాయి. నానబెట్టిన బియ్యం పిండిలో నువ్వులు, వాము కలిపి, గుడ్డ మీద చేత్తో చుట్టి, ఆరాక నూనెలో వేయిస్తారు. సంక్రాంతికే కాకుండా ఏడాది పొడుగునా చేసి అమ్మే ఆడవాళ్లు మన ఊళ్లలో ఉన్నారు, వాళ్లకు ముందే చెప్పి చేయించుకోండి. పూర్తిగా చల్లారాక డబ్బాలో కాగితం పరిచి సర్దితే విరగవు, చాలా రోజులు కరకరలాడతాయి. పచ్చళ్లు పెట్టుకునేవాళ్లకు చపాటా మిర్చి తీసుకెళ్లండి. కారం తక్కువ, ఎరుపు ఎక్కువ. 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ మిర్చి వరంగల్‌తో పాటు భూపాలపల్లి ప్రాంతంలోనూ పండుతుంది. తొడిమ ఊడనివి, గలగలమనేవి ఏరుకోండి. ఇత్తడి కొంటే చేత్తో బరువు చూసుకోండి, ఎక్కడ, ఎవరు చేశారో అడగండి. అన్ని ఇళ్లకూ ఇత్తడి అక్కర్లేదు, బాగా కావలసిన ఒక్కరికి చాలు.

మేడారం జాతర నుంచి వచ్చేవాళ్లు ఏం తెస్తారో మీకు తెలుసు. 2019 దాకా మేడారం భూపాలపల్లి జిల్లాలో ఉండేది, ఇప్పుడు ములుగు జిల్లా. సమ్మక్క–సారలమ్మలకు సమర్పించిన బెల్లాన్ని మనం బెల్లం అనం, బంగారం అంటాం. ఒక్క ముద్ద తెస్తే వాడంతా తలా చిటికెడు నోట్లో వేసుకుంటుంది. “నాకు తక్కువిచ్చింది” అని ఏ వదినా అలగదు. ఆ చిటికెడులో అక్కడి మట్టి, అక్కడి కబురు ఉంటాయి గనుక.

ఈసారి ఊరెళ్లినప్పుడు మన జాబితా కాస్త చిన్నదైనా ఫర్వాలేదు. పక్కింటావిడ “ఏం తెచ్చినవ్?” అని అడిగితే, వస్తువుతో పాటు అది చేసిన మనిషి గురించీ నాలుగు మాటలు చెప్పగలిగితే చాలు. నేనైతే వచ్చే ఆదివారం పెంబర్తి వెళ్తున్నాను, పక్కింటావిడను వెంటబెట్టుకుని!